పెద్దయిన ఊసరవెల్లికీ అతినీలలోహిత కాంతి కావాలి

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు ఊసరవెల్లికి ఎదిగే వయసు దాటాక మామూలు దీపం చాలునని, అతినీలలోహిత కాంతి పిల్లలకే అవసరమని పెంపకందార్లు ఒకరికొకరు చెప్పుకోవడం తరచూ వింటున్నాను. ఎదుగుదల ఆగింది కాబట్టి కాల్షియం అవసరమూ తీరిపోయిందనే ఊహ మీద నిలిచిన ఈ సలహా నోరులేని జీవిని నెలల తరబడి బాధపెడుతుంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

అతినీలలోహిత (యూవీ) కాంతిలో దాదాపు 290 నుంచి 320 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్య ఉండే భాగమైన యూవీబీ కిరణాలు సోకినప్పుడు ఊసరవెల్లి చర్మంలో, ఒంటి వేడి కూడా తోడై, విటమిన్ డి3 తయారవుతుంది. కాలేయం, మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చిన తర్వాతే పేగులు తిండిలోని కాల్షియాన్ని తగినంతగా గ్రహించగలవు. అది కుంటుపడితే, రక్తంలో కాల్షియం పడిపోకుండా పారాథైరాయిడ్ హార్మోను ఎముకల్లోని నిల్వను తోడడం మొదలుపెడుతుంది. కండరం కదలడానికీ గుండె కొట్టుకోవడానికీ కాల్షియం కావాలి కాబట్టి ఏ వయసులోనైనా ఈ తోడడం ఆగదు. పిల్లల్లో ఈ లోపం త్వరగా వంకర కాళ్లుగా బయటపడుతుంది. పెద్దవాటిలో నిల్వ కొంత ఉంటుంది గనుక చాలాకాలం పైకి తెలియదు, అందువల్లే ఆ తప్పుడు సలహా నిజమనిపిస్తుంది. కొమ్మ మీద కాలి పట్టు సడలడం, పైకి ఎక్కడం మానేసి గూటి అడుగునే తిరగడం, కీచురాయి మీదికి విసిరిన నాలుక దాని దాకా వెళ్లలేక మధ్యలోనే ఆగిపోవడం దీని తొలి గుర్తులు. దవడ మెత్తబడేదాకా గమనించకపోతే, ఆ తర్వాత ఎంత వైద్యం చేసినా వంగిన ఎముక తిన్నగా రాదు.

ఆడవాటి సంగతి మరీ ముఖ్యం. యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాలకు చెందిన వెయిల్డ్ ఊసరవెల్లి ఆడది మగదానితో కలవకపోయినా గుడ్లు పెడుతుంది, అదీ ఒక్క విడతలో పదుల సంఖ్యలో. వాటికి కావలసిన కాల్షియమంతా తల్లి ఒంట్లోంచే వెళ్లాలి. నిల్వ తగ్గి కండరాలు నీరసిస్తే గుడ్లు లోపలే ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పెద్దవాటికి కాంతి అక్కర్లేదనేవారు దీన్నొక్కసారి ఆలోచించాలి.

డి3 కలిపిన పొడి పురుగులకు అద్ది పెడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. పొడి మోతాదు మించితే ఒంట్లో మెత్తని అవయవాల్లో సున్నం పేరుకుంటుంది. చర్మం మాత్రం కాంతివల్ల తయారైన మిగులును నిరపాయమైన పదార్థాలుగా మార్చేస్తుంది. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, తిండిలో డి3 తక్కువగా అందిన పాంథర్ అనే జాతి ఊసరవెల్లులు యూవీ ఎక్కువగా ఉన్న చోటుకే మొగ్గు చూపాయి. తనకెంత కావాలో ఆ జీవికే తెలుసు. వెలుగూ నీడా రెండూ దానికి అందుబాటులో ఉంచడమే మన పని.

అయితే యూవీబీ దీపం వెలుగుతోంది కదా అని ధీమాగా ఉండకూడదు. కంటికి కనిపించే కాంతి తగ్గకపోయినా యూవీబీ క్రమంగా సన్నగిల్లుతుంది. కిటికీ అద్దం దాన్ని దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది, గూటి పైజాలీ చాలావరకు తగ్గిస్తుంది, వెచ్చదనానికి పెట్టే మామూలు బల్బు అసలు ఇవ్వనే ఇవ్వదు. కాబట్టి ఊసరవెల్లి ఎండ కాచుకునే కొమ్మ ఎత్తున యూవీ మీటరుతో కొలవాలి, లేదంటే తయారీదారు చెప్పిన గడువుకు ఆ దీపపు ట్యూబు మార్చాలి. ఇప్పటికే పట్టు సడలిన జీవికి కొత్త ట్యూబు ఒక్కటే చాలదు, సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడికి వెంటనే చూపించాలి.

భవదీయ,
ఒక పాఠకురాలు