ఊకెనే అనే మాట కాదురా

నల్లగొండ
ఆదివారం రాత్రి

అరేయ్ దోస్త్,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "మీ చెల్లె నాలుగు నెలల నుంచి గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టుంది అంటది, డాక్టర్ చూసి ఏం లేదన్నడు, ఊకెనే అంటున్నట్టుంది" అన్నావు. అప్పుడు బస్సెక్కుతున్నా, సరిగ్గా మాట్లాడలేకపోయాను. అది ఊకెనే అనేది కాదురా. నాకూ వచ్చింది.

పోయిన ఎండాకాలం బత్తాయి తోట కోసం రెండు బోర్లు వేయిస్తే రెండూ ఫెయిలైనాయి కదా, ఆ రోజుల్లో మొదలైంది. గొంతు గుంటలో ఉసిరికాయంత ఏదో కూర్చున్నట్టు. మింగితే దిగదు, ఎంత సవరించుకున్నా పైకి రాదు. మొదట నీళ్ల మీద అనుమానమొచ్చింది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ గోస చూస్తూ పెరిగినోళ్లం, ఏ రోగమొచ్చినా మనకు నీళ్లే గుర్తొస్తాయి. కానీ ఫ్లోరైడ్ పట్టేది పళ్లను, ఎముకలను. తర్వాత క్యాన్సర్ భయం పట్టుకుంది. రాత్రిళ్లు టార్చిలైటు వేసుకుని అద్దంలో నోరు తెరిచి చూసుకునేవాణ్ని. ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

చివరికి గొంతు డాక్టరమ్మ దగ్గరికి పోతే ఒకటే అడిగింది. "అన్నం తినేటప్పుడు అడ్డం పడుతుందా, ఉత్త ఉమ్మి మింగేటప్పుడా?" అప్పటిదాకా నేను గమనించనే లేదు. జొన్నరొట్టె హాయిగా దిగుతోంది. తింటున్నంత సేపు ముద్ద సంగతే గుర్తుండదు, ఉత్తగా కూర్చుంటేనే బాధ. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసి, గడ్డ లేదంది. దీన్ని గ్లోబస్ అంటారట, లాటిన్‌లో బంతి అని. అన్నం పోయే గొట్టం పైకొసన ఉంగరంలా ఒక కండరం ఉంటుంది. టెన్షన్‌లో అది బిగుసుకున్నా, కడుపులో పులుపు పైకి తన్నినా ఇట్లా అనిపించొచ్చట. నేను రోజుకు ఏడెనిమిది చాయ్‌లు తాగి, పది దాటాక తిని, వెంటనే పండుకునేవాణ్ని మరి.

ఇంటికొచ్చి ఏడ్చాన్రా. మా పెద్దక్క గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో "గొంతులో ముద్ద ఉంది తమ్మీ" అని అచ్చం ఇదే చెప్పింది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు, అత్తగారింటికి పోకుండా నాటకమన్నారు. నేనూ అన్నాను. డాక్టర్లు కూడా చాలాకాలం దీన్ని హిస్టీరియాలో కలిపి గ్లోబస్ హిస్టెరికస్ అనేవాళ్లు. 1968లో మాల్కమ్‌సన్ అనే డాక్టర్ ఆ పేరు మార్చి గ్లోబస్ ఫారింజియస్ అన్నాడు, పేరులోంచి హిస్టీరియా పోయి గొంతు మాత్రం మిగిలింది. మొన్న అక్కను అడిగితే, ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుందట. మాకు చెప్పడం మానేసింది, అంతే.

చెల్లెకు డాక్టర్ ఏం లేదన్నాడంటే గడ్డ లేదని. బాధ లేదని కాదు. అసలు ఆ డాక్టర్ కెమెరాతో చూశాడా, ఉత్త టార్చితోనా? కనుక్కో. తిన్నది నిజంగా అడ్డం పడుతున్నా, మింగితే నొప్పి ఉన్నా, బరువు తగ్గుతున్నా, గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటినా, ఉమ్మిలో రక్తం కనపడినా, మెడ మీద గడ్డ చేతికి తగిలినా, మళ్లీ వెంటనే తీసుకుపో. అవేవీ లేకపోతే నిదానంగా తగ్గొచ్చు. నాకు ఐదు నెలలు పట్టింది. ముద్ద అనిపించినప్పుడల్లా ఉమ్మి మింగకుండా ఒక గుక్క నీళ్లు తాగమను, గొంతు ఊరికే సవరించుకోవద్దను. పండుకునే మూడు గంటల ముందే తినాలి. నువ్వు తొందరగా ఇంటికొస్తేనే ఆమె తొందరగా తింటుంది, అది కూడా చూసుకో.

ఇంకోటి, ఆమెకు ఏం టెన్షన్ ఉందో నువ్వెప్పుడన్నా అడిగావా? గద్దించినట్టు కాదు, పక్కన కూర్చుని.

వచ్చే శనివారం నేను మీ ఇంటికి వస్తున్నా. అక్కను కూడా తీసుకొస్తా. చెల్లెతో మాట్లాడతానని తనే అంది.

నీ దోస్తు