రెజ్యూమెలో చేసిన పని కనబడాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న మెషిన్ షాపు. ఆపరేటర్ కావాలని తెలిస్తే ఐటీఐ, డిప్లొమా పిల్లలు రెజ్యూమెలు పట్టుకొని వస్తారు. అన్నీ ఒకే డీటీపీ సెంటర్‌లో తీసినట్టు ఉంటాయి. పైన కెరీర్ ఆబ్జెక్టివ్, కింద తండ్రి పేరు, మతం, హాబీలు, చివర డిక్లరేషన్. కొందరు ఆధార్ నంబరు కూడా వేస్తున్నారు. ఎవరి చేతికి పోతుందో తెలియని కాగితం మీద అది అస్సలు ఉండకూడదు.

మొన్న వచ్చిన అబ్బాయి 'హార్డ్ వర్కింగ్' అని రాసుకున్నాడు. మాట్లాడితే తెలిసింది, అప్రెంటిస్‌గా ఫానుక్ కంపెనీ కంట్రోల్ ఉన్న సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని తిప్పుతూ కోసే మెషిన్) నడిపాడట. టూల్ ఆఫ్‌సెట్, అంటే కోసే పనిముట్టు కొలతల సర్దుబాటు, తనే ఇచ్చుకుంటాడు. మైక్రోమీటరుతో 0.01 మిల్లీమీటరు వరకు కొలుస్తాడు. మాకు కావలసింది అదే కదా! కాగితంలో ఒక్క ముక్క లేదు. "ఇవి కూడా రాయాలా అండీ?" అన్నాడు. రాయాలి బాబూ, అవే ముందు రాయాలి. ఏ మెషిన్, ఏ కంట్రోలర్, ఏ మెటల్, ఎంత టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) పట్టావో చెప్పాలి. ఒక్క పేజీ చాలు.

మీ విద్యా పేజీలో ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్ పిల్లల కోసం ఒక నమూనా రెజ్యూమె అచ్చువేయమని మనవి.

- ఒక మెషిన్ షాపు యజమాని, ఆటోనగర్, విజయవాడ