నాలుగో స్టేజీ రోగికి జిల్లాలోనే చేయగలిగినవి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో మొదటి బస్సెక్కి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ దవాఖానకు వచ్చేవాళ్లలో చాలామంది జబ్బు ముదిరాకే వస్తారు. "నాలుగో స్టేజీ, ఇంక చేసేదేం లేదు" అన్న మాట అప్పటికే ఊళ్లో వినుంటారు. ఆ మాట సగమే నిజం. క్యాన్సర్ ఎముకలకో ఊపిరితిత్తులకో పాకాక చాలా రకాల్లో పూర్తిగా నయం చేయలేం. కానీ ఇంకెన్నాళ్లు బతుకుతారు, ఆ నాళ్లలో అన్నం తిని కంటినిండా నిద్రపోగలరా అన్నదాన్ని మార్చే పరిశోధన చాలా జరిగింది. అందులో చవకైనదీ ఉంది, మన దేశంలోనే తేల్చినదీ ఉంది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రం పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఆ కేంద్రం నాలుగు మంచాలు, సెలైన్ స్టాండ్లతో ఆగిపోకూడదని ఈ లేఖ. రోగుల ఇంటివాళ్లు కూడా చదవాలని మామూలు మాటల్లోనే రాస్తున్నాం.

ముందు ముక్క పరీక్ష (బయాప్సీ) సంగతి. రొమ్ము క్యాన్సర్ పాకిన మనిషికి ఏ మందు పనిచేస్తుందో చెప్పేది ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు (క్యాన్సర్ కణాల మీద హార్మోన్లను అందుకునే ఈఆర్, పీఆర్, అలాగే హెర్2 ప్రోటీన్ ఉన్నాయో లేదో చూసేవి). అవి సరిగ్గా రావాలంటే తీసిన ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) పడాలి. కనీసం 6 గంటలు, మించితే 72 గంటలు మాత్రమే అందులో ఉండాలి. ఫార్మలిన్ ముక్కకు పది రెట్లు ఉండాలి. ఫార్మలిన్ లోపలికి ఇంకేది గంటకు సుమారు ఒక మిల్లీమీటరే. అందుకే రొమ్ము మొత్తం తీసినప్పుడు దాన్ని సెంటీమీటరు మందంలోపు పలకలుగా కోసి వేయాలి. అలా కాకుండా సెలైన్ సీసాలో వేసి, శనివారం సాయంత్రం బల్ల మీద పెట్టి వెళ్లిపోతే ముక్క లోపల కుళ్లుతుంది, ఈఆర్ ఉన్నా 'లేదు' అని వస్తుంది. రోజుకు ఒక్క టామాక్సిఫెన్ (హార్మోన్‌ను అడ్డుకునే మందు) 20 మిల్లీగ్రాముల గోలీతో ఏళ్లు నెట్టుకురాగల మనిషికి అనవసరంగా కీమో ఎక్కుతుంది. నివారణ ఏమంత ఖర్చా? ముక్క వేసే ద్రవం లీటరుకు 100 మిల్లీలీటర్ల గాఢ ఫార్మలిన్, 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్లు, రెండు రకాల సోడియం ఫాస్ఫేట్ ఉప్పులు 4 గ్రాములు, 6.5 గ్రాములు. సీసా మీద ముక్క తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము రాయాలి. ఎముక ముక్కనైతే యాసిడ్‌లో మెత్తబరచొద్దు, డీఎన్‌ఏ దెబ్బతింటుంది, ఈడీటీఏ అనే మృదువైన రసాయనం వాడాలి. ముక్కను మైనంలో పోసి దాచే బ్లాకు రోగిదే. అడిగితే రసీదు రాసి చేతికివ్వాలని ఒక ఉత్తర్వు చాలు.

రెండోది నోటి క్యాన్సర్. తంబాకు, గుట్కా వాడకం ఉన్న మన పల్లెలకు దగ్గరి విషయం. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు ఆపరేషన్‌కు లొంగని, తిరగబెట్టిన తల, మెడ క్యాన్సర్ల మీద చేసిన పరిశోధన 2020లో వచ్చింది. 422 మందిలో మూడు వారాలకోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో ఎక్కించుకున్నవాళ్ల మధ్యస్థ బతుకు (సగం మంది అంతకు మించి బతికారు) 6.1 నెలలైతే, ఇంట్లో మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్ గోలీలు మింగినవాళ్లది 7.5 నెలలు. 2022లో అదే బృందం గోలీలకు ఎర్లోటినిబ్ అనే మరో గోలీ కలిపి, ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే నివోలుమాబ్ ఇంజెక్షన్‌ను మామూలు 240 మిల్లీగ్రాములకు బదులు 20 మిల్లీగ్రాములే మూడు వారాలకోసారి ఇచ్చి చూసింది. ఏడాదికి బతికున్నవాళ్లు గోలీలు మాత్రమే వాడినవాళ్లలో నూటికి 16 మంది, ఇంజెక్షన్ కూడా తీసుకున్నవాళ్లలో 43 మంది. నివోలుమాబ్ చిన్న వయల్ 40 మిల్లీగ్రాములు. ఒకే రోజు ఇద్దరు రోగులను పిలిస్తే చుక్క వృథా కాదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచడం మంచిదే. దాంతోపాటు ఈ తక్కువ డోసుకు, వయల్ పంచుకోవడానికి ఆ పథకంలో బిల్లు కట్టే స్పష్టమైన కోడ్ ఉండాలి.

అయితే ఈ గోలీల దగ్గరే ప్రాణాలు పోయే పొరపాటు ఉంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే: మూడు మందుల పద్ధతిలో చదరపు మీటరుకు 9 మిల్లీగ్రాములు, అంటే సన్నటి మనిషికి 2.5 మిల్లీగ్రాముల గోలీలు ఐదారు. చీటీలో 'వారానికి' అన్నది సరిగ్గా కనపడక రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి రక్తకణాలు పడిపోతాయి. నోటి క్యాన్సరు రోగికి నోట్లో పుండ్లంటే జబ్బు పెరిగిందనుకుంటారు, గోలీ ఆపరు. దీనికి తోడు ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది వేస్తే కిడ్నీ మందగించి మెథోట్రెక్సేట్ బయటికి పోదు. అందుకని నాలుగు వారాల గోలీలు నాలుగు కవర్లలో కట్టి, ఒక్కో కవరు మీద 'మంగళవారం' అని తెలుగులో తేదీతో రాసివ్వాలి. ప్రతిసారీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), రక్తకణాలు చూడాలి. విరుగుడు ల్యూకోవొరిన్ జిల్లా కేంద్రంలోనే ఉండాలి. నివోలుమాబ్ తీసుకున్నవాళ్లకు విరేచనాలో ఆయాసమో వస్తే అది మందు వల్ల వచ్చిన వాపు కావచ్చు, స్టెరాయిడ్ కావాలి. సెలైన్ పెట్టి పంపకుండా ఫోన్ చేయమని చెప్పే తెలుగు కార్డు రోగి జేబులో ఉండాలి.

ఎముకకు పాకిన నొప్పికి జనం 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్ ఒకే రోజు 8 గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చినా, పది రోజులు ఇచ్చినా నొప్పి తగ్గడం దాదాపు ఒకటే. ఒక్కసారి పెట్టినవాళ్లలో నూటికి 20 మందికి మళ్లీ అవసరం పడుతుంది, ఎక్కువ రోజులు పెట్టినవాళ్లలో 8 మందికి. అయినా పది రోజులు హైదరాబాద్‌లో గది అద్దె కట్టే కూలి మనిషి ఏది కోరుకుంటాడో ఆయన్నే అడగాలి. ఎముకలను కాపాడే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ కూడా అంతే. నాలుగు వారాలకోసారి ఇచ్చినదానికి పన్నెండు వారాలకోసారి ఇచ్చినది తీసిపోలేదని 1,822 మందితో చేసిన పరిశోధన 2017లో తేల్చింది. వెన్నునొప్పితో పాటు కాళ్లు బలం తప్పినా, మూత్రం ఆగినా మాత్రం క్యాన్సర్ వెన్నుపామును నొక్కుతుండవచ్చు, అది ఆ పూటే చూడాల్సిన అత్యవసరం. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 16 మిల్లీగ్రాములు జిల్లాలోనే వేసి, 108లో పంపాలి. నడుస్తూ చేరినవాళ్లే ఎక్కువగా నడుస్తూ ఇంటికెళ్తారు.

ఇక గట్టి నొప్పికి వాడే మార్ఫిన్. మార్ఫిన్ మొదలుపెడితే మనిషి పోయినట్టేనని డాక్టర్లలోనూ అనుకునేవాళ్లున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ పాకిన 151 మందిపై చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి నుంచే నొప్పి, ఆయాసం, దిగులు చూసే బృందం తోడున్నవాళ్లు మధ్యస్థంగా 11.6 నెలలు బతికారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లు 8.9 నెలలు. మార్ఫిన్ మొదట 5 నుంచి 10 మిల్లీగ్రాములు, గడియారం చూసి నాలుగు గంటలకోసారి. నడిమధ్య నొప్పి లేస్తే రోజు మొత్తంలో ఆరో వంతు అదనం. మలబద్ధకం తప్పదు కనుక విరేచనపు గోలీ మొదటి రాత్రి నుంచే. 2014లో మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) సవరించాక గుర్తింపు పొందిన వైద్య సంస్థకు డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఒక్కటే సరిపోతుంది, నాలుగు ఆఫీసులు తిరగనక్కర్లేదు. కావలసింది శిక్షణ పొందిన ఒక డాక్టరు, తాళం వేసిన బీరువా, ఒక రిజిస్టరు.

కొత్త మందుల ట్రయల్స్ గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట: దేశంలో జరిగే ట్రయల్స్ సీటీఆర్ఐ (ట్రయల్స్ జాతీయ రిజిస్టరు) వెబ్‌సైట్‌లో నమోదై ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. పరీక్షలో ఉన్న మందుకు డబ్బు కట్టమంటే అనుమానించాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం ఇవ్వాలని 2019 నియమాలు చెబుతున్నాయి. మన రోగులు చేరలేకపోయేది ఎక్కువగా రక్తపరీక్షల కోసం వారం వారం ప్రయాణం కుదరకే. ఆ పరీక్షలు జిల్లా ల్యాబులో చేయించి పంపే ఏర్పాటు మీ శాఖ చేయగలదు.

వీటిలో ఏదీ కొత్త భవనం కట్టేదాకా ఆగే పని కాదు. రెండు జిల్లా ఆసుపత్రుల్లో ఫార్మలిన్ సీసాల మీద టైము రాయడం వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టించవచ్చు. మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల గోలీల నిల్వ రెండు వారాలకు సరిపడేంతకు దిగితే ఆ రోజే మీ కార్యాలయానికి తెలిసేలా ఆదేశించండి.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల క్యాన్సర్ రోగులకు వైద్యం చేస్తున్న కొందరు డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు