నీ చెయ్యి, నువ్వు చేసుకున్న టెస్టు

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "మణికట్టు వంచి చూశా, ఏమీ కాలేదు, నాకు కార్పల్ టన్నెల్ లేనట్టే" అని తీర్పు కూడా నువ్వే ఇచ్చేసుకున్నావు. మణికట్టులో నరం నలిగి చేతికి తిమ్మిరెక్కే ఆ జబ్బు ఉందో లేదో నువ్వే తేల్చేస్తే, ఇక ఈ ఫిజియోథెరపిస్టు స్నేహితుడెందుకురా నీకు?

ముందు ఎంతసేపు వంచావో చెప్పు. అది ఫేలన్ టెస్టు. మోచేతులు బల్ల మీద ఆనించి, చేతులు పైకి నిలబెట్టి, మణికట్టు దగ్గర వాటంతట అవే వాలిపోయేలా వదిలెయ్యాలి. అలా నిమిషం ఉండాలి. గడియారం చూస్తూ ఉంటే ఆ నిమిషం ఎంత పొడుగో తెలుస్తుంది. మా దగ్గర సగంలోనే "అయిపోయిందా సార్" అని చేతులు దించేస్తారు.

సరే, నువ్వు పద్ధతిగానే చేశావనుకుందాం. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2004లో ఒక సమీక్ష వేశారు. జబ్బున్న వందమందిలో ఫేలన్ టెస్టు పట్టుకునేది సుమారు 68 మందినే. మిగతా 32 మందీ నీలాగే నిశ్చింతగా ఇంటికెళ్తారు. జబ్బు లేని వందలో 27 మందికేమో ఊరికే తిమ్మిరెక్కుతుంది, వాళ్లకి అనవసరపు టెన్షన్. మణికట్టు మీద వేలితో తట్టే టినెల్ టెస్టు మరీ నీరసం, సగం మందిని వదిలేస్తుంది. అసలు జూల్స్ టినెల్ 1915లో దాని గురించి రాసింది యుద్ధంలో గాయపడ్డవాళ్ల నరాలు మళ్లీ పెరుగుతున్నాయా అని చూడ్డానికి. దాన్ని తెచ్చి మణికట్టుకి తగిలించారు!

మణికట్టు మీద బొటనవేళ్లతో 30 సెకన్లు నొక్కిపట్టే డర్కన్ టెస్టు కాస్త నయం. అయినా 1991లో ఆయన రాసినప్పుడు వందకి 87 మందిని పట్టుకుందన్నది, 2004 లెక్కకొచ్చేసరికి 64కి దిగింది. మొదట్లో జబ్బు ఖాయమైనవాళ్లని, ఏ బాధా లేనివాళ్లని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ టెస్టయినా మెరుస్తుంది. మా క్లినిక్‌కి వచ్చేవాడు మెడనొప్పీ షుగరూ కూడా వెంటేసుకుని వస్తాడు కదా.

నాకు నీ టెస్టుకంటే మెసేజ్ చివర్లో నువ్వు తేలిగ్గా అనేసిన మాట పట్టింది. రాత్రిళ్లు తిమ్మిరికి మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందన్నావు. దాన్నిబట్టే తేల్చెయ్యలేం గానీ, నేను వదిలిపెట్టే మాట కాదది. తిమ్మిరి చిటికెనవేలికి కూడా ఉందా? కార్పల్ టన్నెల్ అంటే మణికట్టులో ఉండే సొరంగమే. అందులో వేళ్లని లాగే తాళ్లు, అంటే తొమ్మిది టెండన్ల మధ్య మీడియన్ అనే నరం షేర్ ఆటోలో పదోవాడిలా ఇరుక్కుని ఉంటుంది. చిటికెనవేలి నరం మాత్రం ఆ సొరంగం బయటినుంచి వెళ్తుంది, కాబట్టి అక్కడా తిమ్మిరుంటే వేరే కారణం కూడా వెతకాలి.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 2000లో వచ్చిన సమీక్ష కూడా ఫేలన్, టినెల్ టెస్టులకి పెద్ద విలువ ఇవ్వలేదు. తిమ్మిరి ఎక్కడెక్కడో రోగి గీసిన చేతి బొమ్మ, చూపుడువేలి కొసన సూది మొన చిటికెనవేలి మీదకంటే మొద్దుగా తగలడం, బొటనవేలిని అరచేతికి నిలువుగా పైకి లేపే బలం తగ్గడం, ఈ మూడే కాస్త పనికొస్తాయంది. నరాల కరెంటు పరీక్ష కూడా కొందరిలో బాగానే ఉందని చూపిస్తుంది, వాళ్లకేమో రాత్రి నిద్ర ఉండదు.

షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించు. రాత్రి మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుని పడుకో. ఇవాళే కాగితం మీద రెండు చేతులూ పెట్టి చుట్టూ గీసి, తిమ్మిరి ఎక్కేచోట పెన్సిల్‌తో నింపి ఫోటో పంపు. అరచేతి వైపూ, వెనక వైపూ రెండూ కావాలి. మీ ఆవిడని గియ్యమనకు, నువ్వే గియ్యి.

నీ
రాఘవ