కవిటి కొబ్బరి తోటలోని బాబాయికి

మొన్న ఆదివారం ఉద్దానం వైపు వెళ్లాం. మంచాలు, గ్యాస్ పొయ్యి బిగించుకున్న మా పాత వ్యాన్‌ని కవిటి దగ్గర కొబ్బరి తోట పక్కన ఆపి చూస్తే, వెనక తలుపు పైన కందిరీగల గూడు! రెండు నెలలు బండిని కదపకుండా ఉంచిన ఫలితం. పాపకి చెయ్యి వాచిపోయింది. టెన్షన్‌లో నేను కాగితాలు చుట్టి వెలిగించబోయాను. గ్యాస్ బండ లోపలే ఉందన్న ధ్యాస కూడా లేదు.

కాయలు దింపుతున్న మీరు చెట్టు మీంచే కేకేశారు: "బాబూ, నిప్పెట్టకండి! పొద్దుగూకనీండి, అన్నీ గూటికి చేరతాయి." దిగొచ్చి పాప చేతికి తడిగుడ్డ చుట్టారు. మీ పని అయిపోయినా ఇంటికి వెళ్లకుండా మాతోనే కూర్చున్నారు. చీకటి పడ్డాక టార్చికి ఎర్ర గుడ్డ కట్టి (ఎర్ర వెలుగు వాటికి సరిగా ఆనదట), ఒళ్లంతా గోనె కప్పుకుని, గూడు మీద సబ్బు నీళ్లు గుమ్మరించారు. కాసేపాగి దాన్ని గీకేసి, ఆ చోటు తుడిచి మరీ ఇచ్చారు.

డబ్బులు తీసుకోలేదు. "పాపకి మంట తగ్గిందా?" అని మాత్రం రెండుసార్లు అడిగారు. తగ్గింది, బాబాయ్. మీ పేరు అడగడమే మర్చిపోయాను. మీరిచ్చిన బొండాల్లో ఇంకా రెండున్నాయి.