ఇంట్లో దాచిన రాళ్ల పరీక్ష: మా ల్యాబ్‌లో ఇకపై ఏం మారుతోంది

అందరికీ నమస్కారం.

గనుల వాళ్లు, ఖనిజ వ్యాపారులు పంపే శాంపిళ్ల కోసం మొదలుపెట్టిన ల్యాబ్ మాది. ఇప్పుడు చూస్తే ఇళ్లలోంచి వచ్చే రాళ్లే ఎక్కువ. తాతగారి పెట్టెలో దొరికిందనో, నాన్న గనిలో పనిచేసే రోజుల్లో తెచ్చి దాచారనో, "ఇందులో బంగారం ఉంది, పారేయకండి" అని అమ్మమ్మ చెప్పి పోయిందనో తెస్తున్నారు. అందరూ అడిగేది ఒకటే: ఇందులో ఎంత ఉంది? ఈ ప్రశ్నకు మేం జవాబిచ్చే పద్ధతిని మారుస్తున్నాం. అదేంటో, ఎందుకో దాపరికం లేకుండా చెబుతాను.

రాయిని రాయిగానే ఉంచితే మేం చెప్పగలిగేది అంచనా మాత్రమే. నమ్మదగిన అంకె కావాలంటే రాయి పొడి కావాల్సిందే. ఇంతకాలం మా ఫారంలో "పరీక్ష" అని ఒకే గడి ఉండేది. ఇకనుంచి ముందు ఊరికే చూసి చెబుతాం, దానికి ఫీజు తీసుకోం. చూశాక పొడి కొట్టడం దండగ అనిపిస్తే ఆ మాట మీ మొహం మీదే చెప్పి రాయి చేతికిచ్చేస్తాం. ఆపైన కూడా పరీక్ష కావాలంటే, రాయి తిరిగి రాదని చదివి సంతకం పెట్టాకే సుత్తి ఎత్తుతాం. మా ఆదాయంలో పెద్ద వాటా ఆ పరీక్షలదే, అందులో చాలా భాగం తగ్గుతుంది. తెలిసే చేస్తున్నాం.

ఊరికే చూడటంలో తేలేదేంటి అనుకోవద్దు, చాలా రాళ్ల సంగతి అక్కడే తేలిపోతుంది. మెరుపు పసుపు రంగులో ఉంటే ముందు రాయిని వెలుతురులో పెట్టి తిప్పుతాం. బంగారం ఏ కోణంలో చూసినా, నీడలో చూసినా అదే రంగు. అభ్రకం, పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన పసుపు ఖనిజం) మాత్రం ఒక కోణంలో తళుక్కుమని మరో కోణంలో ఆరిపోతాయి. తర్వాత భూతద్దం కింద ఆ మెరిసే చుక్క మీద సూది మొన పెట్టి నొక్కుతాం. బంగారమైతే మెత్తగా గుంట పడుతుంది, ముక్క ఊడదు. పైరైట్ అయితే సూది జారుతుంది, గట్టిగా నొక్కితే పెళుసుగా విరిగి పొడి రాలుతుంది. అభ్రకం పొరలుపొరలుగా లేస్తుంది. వాతావరణానికి రంగు మారిన నల్ల అభ్రకం అచ్చం బంగారు రేకులా ఉంటుంది. జనం కాకి బంగారం అనేది ఎక్కువగా దీన్నే. మా బల్ల మీదకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేదీ ఇదే.

ఇంకో పని మెరుగు పెట్టని తెల్ల పింగాణీ ముక్క మీద గీయడం. ఖనిజం పైకి ఏ రంగులో ఉన్నా గీత దాని అసలు రంగు చూపిస్తుంది. బంగారం గీత పసుపుపచ్చగానే పడుతుంది. పైరైట్, చాల్కోపైరైట్ (రాగి ఖనిజం) పైకి పసుపే, గీస్తే ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. కాఠిన్యంలో కూడా తేడా ఉంది, దాన్ని 1 నుంచి 10 వరకు ఉండే మోస్ కొలమానంలో చెబుతాం. పైరైట్ 6 నుంచి 6.5, మామూలు చాకుకు లొంగదు. చాల్కోపైరైట్ 3.5 నుంచి 4, చాకు గీత పడుతుంది. బంగారం 2.5 నుంచి 3 మధ్యే.

బూడిద రంగులో బరువుగా ఉండి, విరిగిన చోట చిన్నచిన్న మెట్లలా పలకలు కనిపిస్తే అది చాలావరకు గలీనా, అంటే సీసపు ఖనిజం. దీన్ని వెండి అనుకుని తెచ్చేవాళ్లు చాలామంది. గలీనాలో కొంత వెండి కలిసి ఉండటం మామూలే, కానీ ఎంత ఉందో కంటితో తెలియదు. దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. నల్లగా, గాజులా, లోపల గాలి బుడగల గుంటలతో ఉన్నది చాలావరకు కొలిమిలోంచి వచ్చిన చిట్టెం, అసలు రాయే కాదు. ప్లాటినం అని తెచ్చిన వాటిని ముందు అయస్కాంతం దగ్గర పెడతాం. గట్టిగా అతుక్కుంటే చాలావరకు మాగ్నటైట్, అంటే ఇనుప ఖనిజం.

ఇక బరువు సంగతి. "చూడండి, ఎంత బరువుందో" అంటూ చేతిలో పెడతారు. బరువు కొలవడం మంచిదే, అది ఇంట్లో కూడా చేసుకోవచ్చు. ముందు రాయిని త్రాసు మీద తూచండి. తర్వాత నీళ్ల గిన్నెను త్రాసు మీద పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో వేలాడదీసి పూర్తిగా మునిగేలా, అడుగుకు తగలకుండా పట్టుకోండి. త్రాసు చూపించే గ్రాములే రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. రాయికి అంటుకున్న గాలి బుడగలను ముందే తుడిచేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

ఉదాహరణకు ఒక పలుగురాయి 500 గ్రాములు తూగిందనుకుందాం, నీళ్లలో 180 చూపించింది. సాంద్రత సుమారు 2.78. ఉత్త పలుగురాయి సాంద్రత 2.65, అంటే అంతే సైజు పలుగురాయి 477 గ్రాములే తూగాలి. మిగతా 23 గ్రాములు ఎక్కణ్నుంచి వచ్చాయి? లోపల స్వచ్ఛమైన బంగారం ఉందనుకుంటే, దాని సాంద్రత 19.3 కాబట్టి, లెక్క ప్రకారం దాదాపు 27 గ్రాముల బంగారం ఉండాలి. ఆ లెక్క దగ్గర ఆగిపోయినవాళ్లకు రాత్రి నిద్ర పట్టదు. కానీ పైరైట్ సాంద్రత సుమారు 5. అదే 23 గ్రాముల తేడా 49 గ్రాముల పైరైట్‌తో కూడా సరిగ్గా వస్తుంది. త్రాసుకు ఆ రెండూ ఒకటే. పలుగురాయిలో బంగారం తప్ప ఇంకే బరువైన ఖనిజమూ లేదని ఖాయంగా తెలిస్తేనే ఈ లెక్కకు విలువ. అందుకే సాంద్రత ఒక్కదాన్నే చూసి మేం ఇకపై కాగితం మీద బంగారం గ్రాములు రాయం.

చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్ కిరణాలతో మూలకాలను గుర్తించే పరికరం) ప్రింటవుట్‌తో వచ్చేవాళ్లకు కూడా ఒక మాట. ఆ పరికరం మా దగ్గరా ఉంది, నగల లాంటి లోహ వస్తువులకు చాలా బాగా పనిచేస్తుంది. రాయి విషయంలో అది చూసేది పైపొరను, అదీ గురిపెట్టిన చిన్న మచ్చనే. పైగా జింక్, టంగ్‌స్టన్ ఇచ్చే సంకేతాలు బంగారం సంకేతానికి బాగా దగ్గరగా పడతాయి. జింక్ ఎక్కువున్న రాయిలో లేని బంగారం కనిపించడం అలాగే జరుగుతుంది. ప్రింటవుట్‌లో బంగారం గుర్తు "ఏయూ" కనబడగానే ఆశ పెంచుకోకండి. రాయిలో ఏ మూలకాలు ఉన్నాయో తెలుసుకోడానికి మేం దాన్ని వాడతాం, బంగారం ఎంతో తేల్చడానికి వాడం.

తేల్చేది ఫైర్ అస్సే, అంటే కొలిమిలో కరిగించి చేసే పరీక్ష. రాయిని దంచి, పిండిలా నూరి, అందులోంచి సాధారణంగా 30 గ్రాములు తూచి తీస్తాం. లెడ్ ఆక్సైడ్, సోడా, బోరాక్స్, కాస్త గోధుమపిండి కలిపి మట్టి మూసలో సుమారు 1000 నుంచి 1100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిస్తాం. పిండిలోని కార్బన్ వల్ల లెడ్ ఆక్సైడ్ సీసంగా మారి, సన్నటి చినుకుల్లా కిందికి దిగుతూ దారిలో ఉన్న బంగారాన్ని, వెండిని తనలో కలుపుకుపోతుంది. చల్లారాక పైనున్న గాజులాంటి చిట్టెం పగలగొడితే అడుగున సీసపు గుండీ మిగులుతుంది. దాన్ని ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి మళ్లీ కొలిమిలోకి పంపుతాం. సీసం గాలితో కలిసి ఆక్సైడ్ అయి, చాలావరకు గిన్నెలోకే ఇంకిపోతుంది. చివరి సీసపు పొర తొలగినప్పుడు మిగిలిన పూస ఒక్కసారి తళుక్కుమంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణమంటే ఇష్టం. ఆ పూసలోని వెండిని నైట్రిక్ యాసిడ్‌తో కరిగిస్తే మిగిలేది బంగారం.

అది ఎంతుంటుందో ముందే తెలిసి రండి. టన్నుకు 5 గ్రాములు పలికే రాయి గనివాళ్ల దృష్టిలో మంచి ముడిఖనిజం. దాంట్లోంచి 30 గ్రాములు తీస్తే వచ్చే బంగారం 0.15 మిల్లీగ్రాము, పావు మిల్లీమీటరు అడ్డం ఉన్న చుక్క. మీ దగ్గరున్నది రెండు కిలోల రాయైతే మొత్తం కలిపి 10 మిల్లీగ్రాములు. కాబట్టి మీ తాతగారు "ఇది బంగారు గని రాయి" అన్నది పూర్తిగా నిజమే కావచ్చు, అందులోంచి తీసి అమ్ముకునేంత బంగారం లేకపోవడమూ నిజమే కావచ్చు. ఈ సంగతి విన్నాక ఇంటి పెద్దలు అబద్ధం చెప్పారేమోనన్న బాధ చాలామందికి తగ్గడం చూశాను. అంత పెద్ద గనిలో పనిచేసిన మనిషి చేతిలోకి వచ్చిన రాయి అది. పొడి చేస్తే అది కూడా పోతుంది.

గింజలుగా బంగారం కనిపించే రాయిలో ఇంకో చిక్కుంది. ఆ గింజ మేం తీసిన 30 గ్రాముల్లో పడితే ఫలితం ఆకాశంలో ఉంటుంది, పడకపోతే పాతాళంలో. రెండూ ఆ రాయిని సరిగ్గా చెప్పవు. బంగారం నూరితే నలగదు, చదునవుతుంది. అందుకే అలాంటి రాయి మొత్తాన్ని నూరి, 106 మైక్రాన్ల (సుమారు 0.1 మిల్లీమీటరు రంధ్రాల) జల్లెడ పట్టి, పైన ఆగిన ముతకంతా ఒకసారి, కిందికి దిగిన పొడిని రెండు భాగాలుగా విడిగా పరీక్షించి లెక్క కడతాం. ఖర్చు ఎక్కువే. మూలన చిన్న ముక్క కొట్టి చూడమని అడుగుతారు. ఆ ఫలితం ఆ ముక్కకే చెల్లుతుంది, రిపోర్టులో కూడా అలాగే రాస్తాం.

నిజానికి కంటికి బంగారం కనిపించే రాయిని పొడి కొట్టమని మేం దాదాపు ఎప్పుడూ చెప్పం. తీగల్లా, ఆకుల్లా, స్పష్టమైన స్ఫటికాలుగా బంగారం ఉన్న రాయికి ఖనిజాలు సేకరించేవాళ్లు లోపలి లోహం ధర కంటే ఎక్కువ ఇవ్వడం తరచుగా జరుగుతుంది. అందులో సగం విలువ రాయి ఎక్కడిదన్న ఆధారానిదే. పెట్టెలో పాత చీటీ, గని పేరున్న కాగితం, చుట్టిన గుడ్డ మీద రాసిన తేదీ, ఏదున్నా పారేయకండి. ఏ చీటీ ఏ రాయిదో ఫోటో తీసి పెట్టండి. దయచేసి యాసిడ్‌తో కడగకండి, వైరు బ్రష్‌తో రుద్దకండి.

మరో విన్నపం. ఇంట్లో రాయిని కాల్చి చూడటం, పాదరసంతో తీయబోవడం పూర్తిగా మానేయండి. వెండిలా తెల్లగా మెరిసే ఆర్సెనోపైరైట్‌ను సుత్తితో కొడితే వెల్లుల్లి వాసన వస్తుంది, అది ఆర్సెనిక్. కాలిస్తే పొగలో వచ్చేది విషం. బంగారం తరచూ ఈ ఖనిజంతోనే కలిసి ఉంటుంది కాబట్టి ప్రమాదం మరీ ఎక్కువ.

మేం రాళ్లు కొనం, కొనేవాళ్ల దగ్గర కమిషన్ తీసుకోం. పరీక్ష చేసినవాళ్లే "ఇందులో ఏం లేదు, అయినా నేనే తీసుకుంటాను" అంటే రాయి పట్టుకుని వచ్చేయండి.

ఇప్పటికే ఫీజు కట్టి రాయి మా దగ్గర ఉంచినవాళ్లకు ఈ వారంలో ఫోన్ చేస్తాం. ఇంకా పొడి కొట్టని రాయి ఏదైనా సరే, మనసు మార్చుకుంటే రాయీ ఫీజూ రెండూ వెనక్కి ఇస్తాం. పరీక్ష పూర్తయిన వాటికి రిపోర్టుతో పాటు మిగిలిన పొడినీ, చివరి పూస మిగిలి ఉంటే దాన్నీ సీలు వేసి ఇస్తాం. పేరు, శాంపిల్ నంబరు సరిచూసుకుని తీసుకెళ్లండి.