తెగితే ఆగే మగ్గం

సంపాదకులకు,

ధనిక దేశాలు గంటల తరబడి చెమటోడ్చి పైకొచ్చాయని, మనమూ వారానికి 70 గంటలు పనిచేయాలని మొన్న మీ పత్రికలో ఒకాయన రాశారు. నేను ముందు మహారాష్ట్రలోని భీవండిలో, తర్వాత సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపినవాణ్ని. రోజుకు 12 గంటలు, నెలకు 26 రోజులు. ఏడాదికి 3,700 గంటలు దాటేది. జర్మనీలో సగటున 1,350 గంటల లోపే చేస్తారట. గంటలకే డబ్బు రాలితే జర్మనీవాళ్లు నా దగ్గర అప్పుకు రావాలి.

నా సాంచాకు పడుగు పోగు (గుడ్డలో నిలువు దారం) తెగినా తెలిసేది కాదు, నేస్తూనే పోయేది. ఎనిమిది సాంచాల మధ్య తిరుగుతూ నేను చూసేసరికి గుడ్డ మీద జానెడు గీత. ఆ డ్యామేజీ నా కూలిలో కోత. నాడెలో ఉండే అడ్డదారపు చుట్ట, కండె, అయిపోయినప్పుడల్లా సాంచా ఆపి మార్చాలి. కళ్లూ కాళ్లూ కాపలాకే సరి.

జపాన్‌లో సాకిచి టొయోడా అనే వడ్రంగి కొడుకు 1924లోనే ఈ చిక్కు విప్పాడు. పోగు తెగితే ఆయన మగ్గం తనంతట తానే ఆగుతుంది. దారం అయిపోతే నడుస్తుండగానే నాడె మార్చుకుంటుంది. ఒక్క మనిషి 30 మగ్గాలు చూసుకోగలిగాడు. అప్పటిదాకా జపాన్ మిల్లులకు యంత్రాలమ్మిన ఇంగ్లండ్ కంపెనీ ప్లాట్ బ్రదర్సే 1929లో ఆ మగ్గం హక్కులు కొనుక్కుంది!

మా అమ్మాయి ఎం.ఏ. పుస్తకంలో సోలో అనే అమెరికా ఆర్థికవేత్త 1957లో వేసిన లెక్క ఒకటుంది. 1909 నుంచి 1949 లోపు అక్కడ మనిషి గంటకు తీసే ఉత్పత్తి రెట్టింపైతే, అందులో ఎనిమిదింట ఏడు పాళ్లు పెట్టుబడి పెరిగి వచ్చింది కాదట, పనితీరు మారి వచ్చిందట.

మా తప్పూ ఉంది. ఆటోమేటిక్ మగ్గాల మాట ఎత్తితే మాలో సగంమంది వద్దన్నాం. నలుగురి పని ఒకడు చేస్తే మిగతా ముగ్గురి ఇళ్లలో పొయ్యి వెలిగేదెలా? ఆ భయం ఉత్తిది కాదు. దానికి జవాబు చెప్పకుండా యంత్రాలు తెమ్మనడమూ తప్పే.

టొయోడా కొడుకు పెట్టిన కార్ల కంపెనీయే టొయోటా. అక్కడ తేడా కనబడితే మామూలు కార్మికుడే తాడు లాగి లైను ఆపించవచ్చు. నాసి నూలొచ్చి పోగులు పుటుక్కున తెగుతుంటే నేనూ ఒకసారి అడక్కుండా నాలుగు సాంచాలు ఆపాను. ఆ పూట కూలి పోయింది. మర్నాడు ఆ నూలును సాంచాల యజమాని, ఆసామే, వెనక్కి పంపాడు.

– ఒక మాజీ సాంచా కార్మికుడు, సిరిసిల్ల